రోజూ అదే పప్పు, అదే వేపుడు: శాకాహారం వండుకునే ఇంట్లో మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరూ మీ ఆవిడా ఇద్దరూ ఉద్యోగస్తులు, శాకాహారులు, వంట వంతులవారీగా చేసుకుంటున్నారు. టమాటా పప్పు, ఆలూ వేపుడు, బెండకాయ వేపుడు, సాంబారు, తిప్పితిప్పి ఇవే. వీడియోలు చూసి పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా చేస్తే రెండో వారానికే మొహం మొత్తింది. పొద్దున గంటకు మించి టైమ్ లేదు. కొన్న కూరగాయల్లో సగం ఫ్రిజ్‌లోనే వడిలిపోతున్నాయి. ఇన్ని చెప్పి, "కొత్త వంటలు ఎక్కడ నేర్చుకోవాలి?" అని అడిగారు.

కొత్త వంటల జోలికి ఇప్పట్లో వెళ్ళకండి. ఇంట్లో ఉన్న కూరగాయనే తీసుకుని, పొయ్యి మీంచి దించే ముందు అందులో ఏం కలుపుతున్నారో మార్చండి. పులుపు దేంతో వేస్తున్నారో మార్చండి. ఈ రెండూ చేతికొస్తే పది రకాల కూరగాయలతో రెండు నెలలు విసుగు లేకుండా వెళ్ళిపోతుంది.

నా సంగతి రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే కింద చెప్పేదంతా అందులోంచి వచ్చిందే. పుట్టిల్లు కోనసీమ, అత్తవారిల్లు వరంగల్ వైపు, కాపురం హైదరాబాద్‌లో. 18 ఏళ్ళుగా ఇంటి నుంచే మధ్యాహ్నం క్యారేజీలు పంపుతున్నాను, పూర్తిగా శాకాహారం. ఇప్పుడు 38 మంది తీసుకుంటున్నారు. వాళ్ళలో సగం మంది అయిదేళ్ళ పైబడి నా చేతి వంటే తింటున్నారు. అంటే మీ టెన్షన్ నాకు రోజూ ఉండేదే, అదీ 38 మందికి సరిపడా.

మొదటి ఏడాది ఒక పెద్దాయన, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, ఫోన్ చేశారు. "అమ్మా, వంటకేం వంక పెట్టను. కానీ నాలుగు గిన్నెలూ ఒకటే రుచి, ఒకసారి చూసుకో" అన్నారు. నాకు కోపమొచ్చింది. ఆ రోజు పొద్దున్నే లేచి నాలుగు రకాలు చేశాను మరి. ఫోన్ పెట్టేశాక ఏం పంపానో గుర్తు చేసుకున్నాను: టమాటా పప్పు, వంకాయ టమాటా కూర, టమాటా చారు, దోసకాయ టమాటా పచ్చడి! ఆ రోజు నుంచి నా వంట నోట్‌బుక్కులో వంటల పేర్లు రాయడం మానేసి, ఏ గిన్నెలో పులుపు దేంది, కూర దేంతో దించాను అన్నవి రాయడం మొదలుపెట్టాను.

మీ లిస్టు చూసినా నాకు అదే కనిపిస్తోంది. తప్పుగా అనుకోకండి, కొత్తగా వంట మొదలుపెట్టిన వాళ్ళందరిదీ ఇదే దారి. ఏ కూరైనా ముందు ఉల్లిపాయలు వేయించడం, అల్లంవెల్లుల్లి పేస్టు, టమాటా, కారం, ధనియాల పొడి, చివర్లో గరం మసాలా. ఇక అందులో వంకాయ పడినా, క్యాలీఫ్లవర్ పడినా, పనీర్ పడినా నోటికి తెలిసేది ఆ మసాలానే. మొహం మొత్తింది పనీర్ వల్ల కాకపోవచ్చు. అందుకే మొదట చేయాల్సిన పని: వారంలో మూడు రోజులు ఉల్లి, వెల్లుల్లి, టమాటా, గరం మసాలా ఈ నాలుగింటినీ పక్కన పెట్టి వండండి. భక్తి కోసం చెప్పట్లేదు. అవి లేనప్పుడే కూరగాయకు ఏం కావాలో చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు దించే సంగతి. మన ఇళ్ళలో కూరల పేర్లు గమనించారా? ఆవ పెట్టిన కూర, కారం పెట్టిన కూర, పాలు పోసిన కూర, నువ్వుల పొడి కూర, అల్లం కూర. కాయ పేరుతో పాటు అందులో కలిపినదాని పేరు కూడా వస్తుంది. పెద్దవాళ్ళు పేర్లు పెట్టింది కూడా దాన్ని బట్టే. నేను వాడేవి సుమారుగా ఇవి.

కొబ్బరి, నానబెట్టిన పెసరపప్పు: క్యాబేజీ, పొట్లకాయ, బీన్స్, సొరకాయ. పెసరపప్పు అరగంట నానితే చాలు, ముక్కతో పాటు ఆవిరికే ఉడుకుతుంది. పలుకుగా ఉన్నప్పుడే దించాలి, మెత్తబడితే పప్పయిపోతుంది. నువ్వుల పొడి: బీరకాయ, చిక్కుడుకాయ, దొండకాయ. మా అత్తగారి వైపు దాదాపు ప్రతి కాయకూ నువ్వులే. పల్లీ పొడి రాయలసీమ వాళ్ళ చేతిలో బాగా పలుకుతుంది, ముఖ్యంగా వంకాయలో. శనగపప్పు, మినపప్పు, ధనియాలు, ఎండుమిర్చి వేయించి కొట్టుకునే కూర కారం గుత్తి వంకాయ, గుత్తి కాకర, దొండకాయలకు. అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరిన ముద్ద లేత వంకాయలకూ అరటికాయకూ. శనగపిండి రెండు చెంచాలు పైన చల్లి సన్నసెగ మీద మూత పెట్టడం కాప్సికమ్‌కూ ఉల్లికాడలకూ.

పాలు పోసే కూర చాలామంది మర్చిపోయారు. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ ఈ మూడూ దానికి పుట్టినవే. ముక్క పూర్తిగా మెత్తబడి నీరు ఇగిరాక, కాచిన పాలు అర గ్లాసు పోసి, సన్నసెగ మీద దగ్గరపడనివ్వాలి. ఉప్పు దించాక వేస్తే పాలు విరిగే భయం ఉండదు. పులుపు సోకకూడదు, టమాటా గరిటె కూడా తగలనివ్వకండి. ఒంట్లో బాగోనప్పుడు, ఎండాకాలం మధ్యాహ్నం, ఈ కూరా చారూ చాలు.

పాటోళీ అని ఇంకోటి ఉంది. శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, ఎండుమిర్చి, జీలకర్ర వేసి నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బి, పోపులో పొడిపొడిగా వేయించి, ఉడికించిన గోరుచిక్కుడు ముక్కలు కలుపుతాం. మెంతికూరతోనూ చేస్తారు. ప్రోటీన్ కూరలోకే వచ్చేస్తుంది కాబట్టి ఆ రోజు పప్పు లేకపోయినా నేను పట్టించుకోను. నూనె మాత్రం చూసి పోయాలి. ఆ పప్పు ఎంత పోస్తే అంత తాగేస్తుంది.

ఆవ గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఎక్కువ మంది పాడుచేసేది అదే, బాగా వచ్చినప్పుడు మళ్ళీ మళ్ళీ అడిగేదీ అదే. రెండు పెద్ద అరటికాయలకు ఒక టీ స్పూను ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు చన్నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టండి. చిన్న జార్‌లో రెండు మూడు చెంచాల నీళ్ళతో నూరి పక్కన పెట్టండి. నూరగానే మూత తీసి వాసన చూస్తే పెద్దగా ఏం ఉండదు. అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి, కళ్ళలో నీళ్ళొస్తాయి. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలాకే ఆ ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఘాటు చచ్చిపోయి చేదు మిగులుతుంది. వేడినీళ్ళతో నూరినా, పొయ్యి మీద ఉన్న కూరలో కలిపినా జరిగేది ఇదే. మిక్సీ ఎక్కువసేపు తిప్పినా జార్ వేడెక్కి చేదొస్తుంది. అందుకని ఆపి ఆపి తిప్పండి.

ఈలోగా అరటికాయ చెక్కు తీసి, ముక్కలు ఉడికించి, వార్చి, చేత్తో కొంచెం మెదపండి. బాణలిలో శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు. అందులో చిక్కటి చింతపండు గుజ్జు ఒక చెంచా వేసి పచ్చివాసన పోయాక ముక్క, ఉప్పు, పసుపు. రెండు నిమిషాలు మగ్గనిచ్చి స్టవ్ ఆపేయండి. బాణలి అంచు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడ్డాక నూరిన ఆవ, దాంతో పాటు ఒక చెంచా పచ్చి నువ్వుల నూనె వేసి కలపండి. వెంటనే రుచి చూసి "ఏముంది ఇందులో" అనుకోకండి. పావుగంట ఊరనివ్వండి. మొదటి ముద్దకే ముక్కుకెక్కుతుంది, అలా ఎక్కితేనే ఆవ కుదిరినట్టు. ఇదే ఆవ పనసపొట్టుకూ, క్యాబేజీకీ, కంద బచ్చలికీ పెట్టొచ్చు. పెరుగు పచ్చడిలో పావు చెంచా కలిపితే అది వేరే వంటకమే అయిపోతుంది.

కంద మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. తరిగేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, ఉడికించేటప్పుడు కాస్త చింతపండు నీళ్ళు పోయండి. అందులోని సూదుల్లాంటి స్ఫటికాల వల్లే చెయ్యీ గొంతూ దురద పెడతాయి. సరిగ్గా ఉడకని కంద వడ్డించి నేనొకసారి ఒక ఇంటివాళ్ళ దగ్గర మాట పడ్డాను.

ఇక పులుపు. హైదరాబాద్‌లో కాపురం పెట్టాక నాకు తెలియకుండానే అన్నిట్లోనూ టమాటా పడిపోవడం మొదలైంది, ఏడాది పొడుగునా దొరుకుతుంది కదా. మన చేతిలో ఉన్న పులుపులు లెక్కపెట్టండి: చింతపండు, చింతచిగురు, చింతకాయ తొక్కు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, నిమ్మకాయ, దబ్బకాయ, ఉసిరికాయ, పుల్ల మజ్జిగ, ఆ తర్వాత టమాటా. ఒక్క కందిపప్పే వీటిలో దేంతో చేస్తే దాని రుచి వస్తుంది. వేసవి మొదట్లో చింతచిగురు, దాని వెనకే మామిడికాయ, కార్తీకంలో ఉసిరి. ఇలా ఏ కాలంలో ఏది దొరికితే దానితో వెళ్ళిపోతే మెనూ దానంతటదే మారుతుంది, మీరు ఆలోచించక్కర్లేదు.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి రెండు. పప్పు ఉడికాకే పులుపు వేయండి. పులుపు తగిలితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. కొత్త పప్పైతే చింతపండుతో కలిపి కుక్కర్‌లో పెట్టినా ఎలాగో ఉడుకుతుంది. డబ్బాలో ఆరు నెలలు ఉన్నదైతే ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకులు పలుకులుగానే ఉంటుంది. బోరు నీళ్ళు, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్ళు, దీనికి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. రాజ్మా, శనగలకు టమాటా వేసేటప్పుడూ ఇదే పద్ధతి. రెండోది, నిమ్మరసం పొయ్యి ఆపాకే పిండాలి. మరిగితే చేదొస్తుంది, సువాసనా పోతుంది.

పచ్చిపులుసు గురించి చెప్పకుండా ముందుకెళ్తే మా అత్తగారు ఊరుకోరు. కొత్తగా కాపురానికి వెళ్ళినప్పుడు, "ఇయ్యాల పచ్చిపులుసు చెయ్యి బిడ్డా" అని చెప్పి పొలానికి వెళ్ళారు. మా వైపు పులుసంటే మరగాల్సిందే. నేను చింతపండు పిసికి, ఉల్లిపాయలు వేసి, బెల్లం వేసి, ఘుమఘుమలాడేలా అరగంట మరిగించాను. ఆవిడ వచ్చి మూత తీసి చూసి, "పచ్చిపులుసును పొయ్యి మీద పెడితే ఇగ అది పచ్చిది ఎట్లయితది?" అని నవ్వారు. ఆ సాయంత్రం ఆవిడే చేసి చూపించారు: చింతపండు రసం, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఉప్పుతో నలిపినది, కాల్చిన పచ్చిమిర్చి, వేయించి దంచిన నువ్వులు, కొత్తిమీర, పైన చిన్న పోపు. పొయ్యి మీద పెట్టాల్సింది పోపు ఒక్కటే. మీ గంటలో ఇది పది నిమిషాలు కూడా తినదు. పప్పుచారుకు బదులు వారంలో ఒక రోజు ఇది, ఒక రోజు మజ్జిగ పులుసు, ఒక రోజు మిరియాల చారు, ఒక రోజు ముక్కల పులుసు పెట్టుకోండి. అన్నంలో కలుపుకునే ద్రవం మారితే భోజనమంతా మారినట్టు ఉంటుంది. కూర మార్చడం కంటే ఇది సులువని నా అనుభవం.

కూరగాయలు పాడైపోతున్నాయన్నారు. ఇద్దరున్న ఇంట్లో వారానికి ఎనిమిది రకాలు కొంటే పాడవక ఏమవుతాయి? నాలుగు కాయలు, ఒక ఆకుకూర, ఒక దుంప చాలు. తెచ్చిన రోజు, మర్నాడు ఆకుకూర. తర్వాత బెండ, బీర, వంకాయ. దొండ, క్యాబేజీ వారం చివరికి. దుంపలు, గుమ్మడి ఆగుతాయి. వంట ఏం చేయాలో అనుకుని కాయ వెతక్కండి, ఏది ముందు వడిలిపోతుందో అది చేతిలోకి తీసుకుని, నిన్న దేంతో దించారో గుర్తు చేసుకుని, ఇవాళ ఇంకోదాంతో దించండి.

ఒక సొరకాయతో చెప్తాను, మా వైపు ఆనపకాయ అంటాం. ఇద్దరికి ఒక కాయంటే ఎక్కువే, అందుకే కొనడానికి జంకుతారు. కోయగానే చిన్న ముక్క నోట్లో వేసుకోండి. చేదుగా ఉంటే ఆలోచించకుండా కాయంతా పారేయండి. చేదు సొరకాయ నిజంగానే విషం, వాంతులు పట్టుకుని ఆసుపత్రి పాలైన వాళ్ళున్నారు, ఉడికించినా ఆ చేదు పోదు. బాగుంటే, మొదటి రోజు సగం కాయ పాలు పోసి కూర. చెక్కు పారేయకండి, నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, పచ్చిమిర్చి, చింతపండుతో రోటి పచ్చడి చేయండి, అది రెండు రోజులొస్తుంది. మూడో రోజు పావు కాయ పెద్ద ముక్కలు ముక్కల పులుసులోకి, బెల్లం కాస్త ఎక్కువగా. మిగిలిన పావు తురిమి, రాత్రి టిఫిన్‌కు సర్వపిండిలో కలపండి: బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు, కారం. తురుములో నీరు ఉంటుంది కాబట్టి పిండి కలిపేటప్పుడు నీళ్ళు చూసి పోయండి. చల్లటి మందపాటి గిన్నెకు నూనె రాసి, పిండి వేళ్ళతో అద్ది, మధ్యమధ్య చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేసి, మూత పెట్టి కాల్చాలి. గిన్నె వేడిగా ఉండగా రెండోది అద్దబోతే వేళ్ళు కాలతాయి, అందుకే రెండు గిన్నెలు పెట్టుకుంటాం. ఒక్క కాయ, నాలుగు వంటలు, ఒకదానికి ఒకటి పోలిక లేదు.

పచ్చళ్ళ మాటకొస్తే, బీరపొట్టు, క్యాబేజీ, దొండకాయ, కాల్చిన వంకాయ, పచ్చి దోసకాయ ముక్కలు, అన్నీ పచ్చళ్ళవుతాయి. మిక్సీలో వేసినా పర్వాలేదు, కాకపోతే ముద్ద చేయకుండా రెండు తిప్పులతో ఆపండి. కోనసీమ ఆడపడుచుగా రోలు మానొద్దని చెప్పాలి గానీ, 38 క్యారేజీలకు నేనే మిక్సీ వాడుతున్నాను.

గంటలో ఎలా అవుతుందన్నారు. ఆదివారం ఒక అరగంట పొడులకు ఇవ్వండి: కందిపొడి, నువ్వుల పొడి, కూర కారం. మూడు చిన్న సీసాలు చాలు. నువ్వులు విడిగా, చివర్లో వేయించండి. పప్పులతో పాటు వేస్తే అవి వేగేలోపు నువ్వులు మాడతాయి. నువ్వులు, పల్లీలు ఉన్న పొడులు రెండు మూడు వారాలు దాటితే చెడిపోయిన నూనె వాసన వస్తాయి, కేజీల లెక్కన చేసుకోకండి. రాత్రి పడుకునే ముందు కాయలు తరిగి డబ్బాలో పెట్టేయొచ్చు, వంకాయ, అరటికాయ తప్ప. అవి నల్లబడతాయి, పొద్దున ఉప్పునీళ్ళలోకి తరుక్కోవాలి. బెండకాయ కడిగి, పూర్తిగా ఆరాకే తరగండి. ఉప్పు చివర్లో వేస్తే జిగురు తక్కువ. చింతపండు, శనగపప్పు లాంటివి నానబెట్టడం కూడా రాత్రి పనే. పొద్దున కుక్కర్ ఒక పొయ్యి మీద, కూర రెండో పొయ్యి మీద, కుక్కర్ దిగాక అక్కడ చారు. మా ఇంట్లో ఇద్దరికైతే నాకు 45 నిమిషాలు పడుతుంది, మీకు మొదట్లో గంటం పావు పట్టినా కంగారు పడకండి.

రాత్రి పడుకునే ముందు నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. రేపు పులుపు ఏ గిన్నెలో ఉంది? కారం ఏ గిన్నెలో ఉంది? కరకరలాడేది ఏముంది? పులుపు రెండు గిన్నెల్లో పడితే ఒకటి మార్చేస్తాను. గోంగూర పప్పు రోజు చారు పెట్టను, చల్లచారు పెడతాను. చప్పటి పాలకూర రోజు ఎర్రటి పచ్చడి. అన్నీ మెత్తగా ఉంటే రెండు చల్లమిరపకాయలో గుమ్మడి వడియాలో వేయిస్తాను. మజ్జిగ పులుసు, పాలు పోసిన కూర ఒకే రోజు పెట్టిన పాపం ఒకసారి చేశాను. క్యారేజీ అంతా తెల్లగా, ఆసుపత్రి భోజనంలా వెళ్ళింది.

పోషకాల గురించి మీరు అడగలేదు గానీ, పనీర్ మీదే ఎందుకు పడ్డారో ఊహించగలను, ప్రోటీన్ కోసం. పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో ఇచ్చిన లెక్క. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. పొడి కందిపప్పు 100 గ్రాముల్లో సుమారు 22 గ్రాములుంటుంది, కానీ మనం తినేది ఒక్కొక్కరం 30 గ్రాముల పప్పే, అదీ పప్పుచారైతే ఇంకా తక్కువ. అన్నం, రొట్టెల నుంచి కొంత వస్తుంది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న భాగాలతో తయారవుతుంది. వాటిలో బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. పప్పన్నం జోడీ ఊరికే కుదరలేదు. కాబట్టి చారు రోజున గట్టిపప్పో, పాటోళీయో, అలసందల కూరో, పొద్దున పెసరట్టో చూసుకోండి. పెరుగు రోజూ ఉండాలి. బి12 మాత్రం మొక్కల నుంచి రాదు, పాలు పెరుగు బాగా తీసుకోకపోతే శాకాహారుల్లో తగ్గడం మామూలే. నీరసం, తిమ్మిర్లు ఉంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరును అడగండి, వంటతో సరిపెట్టుకోకండి. ఆకుకూరలోని ఐరన్ ఒంటబట్టాలంటే పక్కన నిమ్మకాయో ఉసిరో ఉండాలి, భోజనం అయిన వెంటనే టీ తాగకూడదు.

రాత్రి అన్నం వద్దనుకునే రోజుల్లో జొన్నరొట్టె, ఉప్పుడు పిండి, ఉగ్గాణి. ఉగ్గాణికి బొరుగులు తడిపి గట్టిగా పిండడం ఒక్కటే కిటుకు, పోపులోకి వెళ్ళాక అయిదు నిమిషాల పని. జొన్నరొట్టె మొదటి పదీ విరిగిపోతాయి. పిండి వేడినీళ్ళతో కలపండి, అప్పటికప్పుడు తట్టండి.

పనీర్ మానేయమని చెప్పట్లేదు. నెలలో రెండుసార్లు చేసుకుంటే దాని సరదా దానికుంటుంది. మా అబ్బాయి పుట్టినరోజుకు ఇప్పటికీ అదే అడుగుతాడు, నా 18 ఏళ్ళ అనుభవం వాడికి లెక్కలేదు.

చివరగా, ఆఫీసు బాక్సులో పులుసు కారిపోతోందని మీ ఆవిడ ఫిర్యాదు అన్నారు. బాక్సుకు పొడి కూరలు, కొబ్బరి పెసరపప్పు కూరలు, పాటోళీ, కూర కారం పెట్టిన దొండకాయ పెట్టండి. పులుసులు రాత్రికి ఉంచుకోండి, ముక్కల పులుసు సాయంత్రానికే బాగా ఊరుతుంది. పాలు పోసిన కూర ఎండాకాలం బాక్సులో వద్దు, మధ్యాహ్నానికి వాసనొస్తుంది. ఆవ పెట్టిన కూర చల్లగా తింటేనే రుచి, పైగా పొద్దున కలిపింది మధ్యాహ్నానికి బాగా ఊరి ఉంటుంది. కాకపోతే పక్క సీటు వాళ్ళు ముందే అడుగుతారు, ఇంకో చిన్న డబ్బా కూడా కట్టండి.